పనిచోట వివక్ష: ఫిర్యాదు పట్టుకొని ఎక్కడికి పోవాలి?

(వేలూరులో తెలుగు క్రైస్తవ యౌవనస్థుల కూడికలో మా బృందం తరఫున చేసిన ప్రసంగం)



వేలూరు పేరు వినగానే తెలుగు ఇళ్ళలో గుర్తుకొచ్చేది ఆసుపత్రి. చిత్తూరు, కడప, నెల్లూరు వైపు జబ్బు ముదిరితే "రాయవేలూరుకు తీసుకెళ్ళండి" అనడం తరాలుగా ఉన్న మాట. 1911లో చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. ఇప్పటికీ తమిళనాడులో చెప్పులు కుట్టే, వీధులు ఊడ్చే పనుల్లోకి నెట్టబడిన అరుంధతీయుల్లో చాలామంది ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. కాబట్టి ఇక్కడి పనివాళ్ళ సంగతి మనకు పరాయి సంగతి కాదు.

ఈ రోజు మేము మాట్లాడదలచింది పనిచోట జరిగే వివక్ష గురించి. వివక్ష ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కరలేదు. ఒకే పనికి ఆడవాళ్ళకు తక్కువ కూలి. కులం తెలిశాక మారిపోయే మేస్త్రీ మాట తీరు. గర్భవతి అని తెలియగానే "ఇక రావద్దులే" అనడం. జబ్బు పేరు బయటపడగానే లెక్క చూసి పంపేయడం. ఇవన్నీ అన్యాయమని ఏ సంఘంలోనైనా ఒప్పుకుంటారు. అయితే అన్యాయం జరిగిందని ఒప్పుకోవడం వేరు, "ఈ కాగితం పట్టుకొని ఫలానా చోటికి వెళ్ళు, ఇన్ని రోజుల్లో నీకు జవాబు చెప్పాలి" అని దారి చూపించడం వేరు. దారి లేని హక్కు గోడమీద క్యాలెండరులో వాక్యంలా ఉంటుంది. చదువుకోవడానికి బాగుంటుంది, ఆ పూట పొయ్యి వెలిగించదు.

అందుకే ఈ రోజు మూడు ప్రశ్నలు అడుగుదాం. పనివాడికి ఇప్పుడున్న దారులు ఏమిటి? అవి ఎవరి ముందు మూసుకుపోతున్నాయి? వాటిని వెడల్పు చేయడంలో సంఘంగా మన పని ఏమిటి?

1987 నాటి వేలూరు తీర్పు

ఐడా స్కడర్ గారు 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల నుంచి పెరిగిందే క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, ఆసుపత్రి. దాని సేవ ఏమిటో ఇక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మన దేశ కార్మిక చట్టంలో ఒక ముఖ్యమైన తీర్పు కూడా దాని పేరు మీదే ఉందని మాత్రం మన సంఘాల్లో తక్కువమందికి తెలుసు.

ఆసుపత్రి ఉద్యోగుల వివాదాలను పారిశ్రామిక వివాదాల చట్టం కింద ప్రభుత్వం లేబర్ కోర్టుకు పంపింది. యాజమాన్యం దానికి అభ్యంతరం చెప్పింది. రాజ్యాంగంలో 30(1) అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులకు తమ విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకొనే హక్కు ఇచ్చింది కదా, ఉద్యోగిని తీసివేయడం సరైనదా కాదా అని బయటి అధికారి తేల్చితే ఆ హక్కు దెబ్బతింటుంది అన్నది వాదన. మద్రాసు హైకోర్టులో ఈ వాదన నెగ్గింది. అప్పుడు ఉద్యోగుల యూనియన్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

1987లో సుప్రీంకోర్టు హైకోర్టు అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. జస్టిస్ ఇ.ఎస్. వెంకటరామయ్య రాసిన ఆ తీర్పు సారాంశం ఇది. కార్మిక చట్టాలు ఒక మతాన్ని గురిపెట్టి చేసినవి కావు. దేశంలో పనిచేసే అందరి కోసం చేసిన సాధారణ చట్టాలవి. పనివాడి ఫిర్యాదును నిష్పక్షపాతంగా విచారించే వేదిక ఉన్నంత మాత్రాన సంస్థ అల్పసంఖ్యాక స్వభావం పోదు. సంస్థను నడిపే హక్కులో ఉద్యోగికి అన్యాయం చేసే హక్కు కలిసిలేదు.

ఈ తీర్పు ఒక్క ఆసుపత్రితో ఆగలేదు. గుంటూరు నుంచి మెదక్ దాకా మనకున్న మిషన్ ఆసుపత్రులు, కళాశాలలు, హాస్టళ్ళలో పనిచేసే ఆయమ్మలకు, వంటవాళ్ళకు, డ్రైవర్లకు, క్లర్కులకు, నర్సులకు కూడా ఇది చెందుతుంది. అల్పసంఖ్యాకుల హక్కు మనకు ప్రాణంతో సమానం. దానిమీద దాడి జరిగిన ప్రతిసారీ మనం నిలబడాలి. కానీ ఆ హక్కు బలవంతులనుంచి బలహీనులను కాపాడటానికి పుట్టింది. మన గేటు లోపల ఉన్న బలహీనుడి మీదికి దాన్నే ఎత్తకూడదు. వేలూరు తీర్పు మనకు నేర్పేది ఇదే.

ఆ తలుపు ఇప్పుడు ఎంత తెరిచి ఉంది?

2025 నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అందులో మంచి కొంత ఉంది. 20 మంది, అంతకు మించి పనివాళ్ళున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వైపు, పనివాళ్ళ వైపు సభ్యులు సమానంగా ఉండాలి. పనిచేసే మహిళల సంఖ్యకు తగ్గట్టు మహిళలు ఉండాలి. రాజీ కుదరకపోతే ప్రభుత్వం పంపేదాకా ఎదురుచూడకుండా పనివాడే ట్రిబ్యునల్‌కు వెళ్ళవచ్చు.

ఆందోళన కలిగించేది "పరిశ్రమ" అనే మాటకు ఇచ్చిన కొత్త నిర్వచనం. దాతృత్వ, సామాజిక, పరోపకార సేవలో పూర్తిగా గానీ చాలావరకు గానీ నిమగ్నమైన సంస్థలు నడిపేవి పరిశ్రమ కిందికి రావని అందులో రాశారు. ఏ ఆసుపత్రి, ఏ పాఠశాల, ఏ అనాథాశ్రమం ఈ మినహాయింపులోకి వస్తుందో ఇక వాదనల్లో తేలాలి. పరిశ్రమ కాదని తేలితే అక్కడ పనిచేసే వంటమనిషికి, వాచ్‌మన్‌కు ఆ కోడ్ ఇచ్చే ట్రిబ్యునల్ దారి ఉండదు.

1978లో బెంగుళూరు నీటి సరఫరా సంస్థ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇదే ప్రశ్నను ఎదుర్కొన్నారు. దానం అందుకునేవాడికి అది దానమే. కానీ అక్కడ జీతానికి పనిచేసేవాడు దానం అందుకోవడంలేదు, దానం చేయడంలేదు. ఒళ్ళు వంచి పనిచేసి కూలి అడుగుతున్నాడు. యజమాని మనసు మంచిదైనంత మాత్రాన ఆ కూలివాడి కడుపు నిండదు. ఆయన తర్కాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇంతే.

కాబట్టి మన సంస్థల బోర్డుల్లో కూర్చునే పెద్దలకు మా విన్నపం ఒకటే. రేపు ఎవరైనా పనివాడు ఫిర్యాదుతో వస్తే "మాది సేవాసంస్థ, మీ చట్టం మాకు వర్తించదు" అనే జవాబు మన వకీళ్ళ నోట రాకూడదు. చట్టం మినహాయింపు ఇచ్చినా మనం తీసుకోకుండా ఉండవచ్చు. మన నియమావళిలోనే ఫిర్యాదుల కమిటీని పెట్టుకోవచ్చు.

గుడియాత్తం లాంటి ఊళ్ళలో

వేలూరు నుంచి పడమరగా ముప్పై కిలోమీటర్లకు పైగా వెళితే గుడియాత్తం వస్తుంది. కామరాజ్ గారు ముఖ్యమంత్రి అయ్యాక 1954లో ఉప ఎన్నికలో గెలిచింది ఆ ఊరినుంచే. లుంగీల నేతకు, అగ్గిపెట్టెల తయారీకి, బీడీలకు పేరున్న ఊరు. దాని చుట్టుపక్కల పేర్ణాంబట్టు, ఇంకా అవతల ఆంబూరు, వాణియంబాడి తోళ్ళ ఫ్యాక్టరీల, చెప్పుల కంపెనీల ఊళ్ళు.

పెద్ద ఆసుపత్రిలో యూనియన్ ఉంటుంది, నోటీసు బోర్డు ఉంటుంది, సర్వీసు రికార్డు ఉంటుంది. గుడియాత్తంలో ఇంటి అరుగుమీద బీడీలు చుట్టే అమ్మకు ఇవేమీ ఉండవు. ఆమె ఆకు, పొగాకు తెచ్చుకునేది కాంట్రాక్టరు దగ్గర. కంపెనీ యజమాని ముఖం ఆమె చూసి ఉండదు. బాగాలేవని ఎన్ని బీడీలు పక్కకు తీసేస్తారో, ఎన్నింటికి లెక్క కడతారో ఆ కాంట్రాక్టరు నోటి మాటే. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన మన పిల్లలకు ఈ బాధ ఇంట్లో చూసిందే.

1966లో వచ్చిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఒక మంచి పని చేసింది. ముడిసరుకు తీసుకొని ఇంట్లో బీడీలు చుట్టేవాళ్ళను కూడా ఉద్యోగులే అంది. పనిచోటు ఇల్లైనా హక్కు హక్కేనని అరవై ఏళ్ళ కిందటే ఒప్పుకున్న చట్టం అది. మిగతా పనులకు కూడా ఆ సూత్రాన్ని విస్తరించాలని మనం అడగడానికి అదే ఆధారం.

ఈ ప్రాంతానికే చెందిన ఇంకో తీర్పు గుర్తుచేసుకుందాం. తోళ్ళ ఫ్యాక్టరీల మురుగు పాలారు నదిని, పొలాలను, బావులను పాడుచేసిందని వేలూరు పౌరుల సంస్థ ఒకటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1996 ఆగస్టులో కోర్టు ఫ్యాక్టరీలు నష్టపరిహారం కట్టాలని, నష్టం లెక్కకట్టడానికి ఒక అథారిటీ ఉండాలని చెప్పింది. కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశంలో పాతుకుపోయింది ఆ కేసుతోనే. నేల పాడైతే లెక్కకట్టడానికి ఒక అథారిటీ వచ్చింది. అదే ఫ్యాక్టరీలో సున్నపు తొట్టెల దగ్గర పని ఏ కులంవాళ్ళకు ఇస్తున్నారు, కుర్చీలో కూర్చొని చేసే పని ఎవరికి ఇస్తున్నారు అని లెక్కకట్టేవాళ్ళు ఎవరు? ఆ లెక్క అడిగే అధికారం ఉన్న కార్యాలయం ఇప్పటికీ లేదు.

ఇప్పుడున్న దారులు

ఉన్న దారులు ముందు తెలుసుకోవాలి. యౌవనస్థులు ఇవి రాసుకొని మీ మీ సంఘాల్లో చెప్పండి.

మహిళలకు: పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. పదిమందికి తక్కువ ఉన్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడు జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. ఇంటిపని చేసే అక్కలకు కూడా ఇది వర్తిస్తుంది. ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. 90 రోజుల్లో విచారణ పూర్తి కావాలి.

సమాన వేతనానికి: 1976 నాటి సమాన వేతన చట్టం కింద ఒక మహిళా స్టెనోగ్రాఫర్, ఆడ్రీ డికోస్టా, తన కంపెనీ మీద గెలిచింది. వేలూరు తీర్పు వచ్చిన 1987లోనే ఆ తీర్పూ వచ్చింది. డబ్బు లేదన్న సాకు సమాన వేతనానికి అడ్డు కాదని కోర్టు చెప్పింది. ఇప్పుడు ఆ చట్టం 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసింది. వేతనంలో, ఉద్యోగంలోకి తీసుకోవడంలో లింగ వివక్ష కూడదని కోడ్ చెబుతుంది. పాత చట్టంలో విడిగా పేర్కొన్న ప్రమోషన్, శిక్షణ, బదిలీ అనే మాటలు కొత్త కోడ్‌లో కనిపించవు. కులం, మతం అనే మాటలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు.

జబ్బు, వైకల్యం విషయంలో: ఇక్కడ వేలూరుకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 1940ల చివర్లో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠువల్ల ముడుచుకుపోయిన చేతులకు ఇక్కడే శస్త్రచికిత్స మొదలుపెట్టారు. వేళ్ళు తెరుచుకున్నాయి. కానీ ఆ చేతులకు పని ఇచ్చేవారు లేరు. వంకర చేతులతో అయితే బిచ్చమైనా దొరికేది, ఇప్పుడు అదీ లేదు అని బాగైన రోగులే వాపోయారు. అప్పుడాయన వడ్రంగం లాంటి పనులు నేర్పే కేంద్రాన్ని ఏర్పాటు చేయవలసి వచ్చింది. స్వస్థత ఆసుపత్రిలో మొదలై పనిచోట పూర్తవుతుందని ఆ అనుభవం చెబుతుంది. సమాజమందిరంలో ఊచ చెయ్యి గలవానిని ప్రభువు అందరి మధ్య నిలబెట్టి బాగుచేసింది కూడా అతడు మళ్ళీ నలుగురిలో ఒకడిగా బతకాలనే కదా.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కుష్ఠు నయమైనవారిని, యాసిడ్ దాడి బాధితులను కూడా తన కిందికి తెచ్చింది. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానాన్ని రాసి ప్రకటించాలంది. మన దేశంలో మొట్టమొదట హెచ్‌ఐవీ బయటపడింది 1986లో, చెన్నైలో సేకరించిన రక్త నమూనాలను వేలూరులో పరీక్షించినప్పుడే. ఆ తర్వాత మూడు దశాబ్దాలు పట్టింది హెచ్‌ఐవీ ఉన్నవారిని ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టం రావడానికి. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అది ప్రైవేటు యజమానులకూ వర్తిస్తుంది. రాష్ట్రంలో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

గమనించండి. వైకల్యానికి ఒక చట్టం, హెచ్‌ఐవీకి ఒక చట్టం, మహిళల వేధింపులకు ఒక చట్టం. ప్రతి ఒక్కటీ ఎన్నో ఏళ్ళు పోరాడితే వచ్చింది. ఈ గదుల మధ్య గోడల్లో పడిపోయేవాళ్ళు ఉన్నారు. ఆ పడిపోయేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ.

దళిత క్రైస్తవుడు ఎక్కడికి పోవాలి?

చెన్నైలో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన ఉండేవాడు. ఆది ద్రావిడ కులంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. రోడ్డుపక్క చెప్పులు కుట్టే షెడ్యూల్డ్ కులాలవారికి ప్రభుత్వం ఉచితంగా బంకులు ఇచ్చింది. సూసైకి ఇవ్వలేదు. పని అదే, ఎండ అదే, కులం పేరుతో పిలిచే పిలుపు అదే. 1985లో సుప్రీంకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసింది. మతం మారాక కూడా అవే బాధలు అంతే తీవ్రంగా కొనసాగుతున్నాయని చూపే ఆధారాలు తమ ముందు లేవంది.

దీనికి మూలం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా. మొదట హిందువులనే షెడ్యూల్డ్ కులాలుగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉన్నారు. రిజర్వేషన్ గురించి మనం చాలాకాలంగా మాట్లాడుతున్నాం. పనిచోట వివక్ష విషయంలో దీని ఫలితం ఇంకా సూటిగా ఉంటుంది. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ షెడ్యూల్డ్ కులాలు, తెగల సభ్యులకే. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవ్యంలోకి మారినవారు ఆ చట్టాన్ని ఆశ్రయించలేరని చెప్పింది. అంటే మేస్త్రీ కులం పేరుతో తిడితే, తిట్టినవాడికి ఆ మనిషి కులం గుర్తుంటుంది, చట్టానికి మాత్రం గుర్తుండదు.

కొంతమంది సోదరులు దీనికి జవాబుగా సర్టిఫికెట్‌లో ఒకటి, జీవితంలో ఒకటి పెట్టుకొని బతుకుతున్నారు. వాళ్ళను తప్పుపట్టడానికి మేము రాలేదు. పిల్లల చదువుకూ కడుపుకూ విశ్వాసాన్ని దాచుకోవలసిన పరిస్థితి తెచ్చిపెట్టిన నియమాన్ని ప్రశ్నించడానికి వచ్చాం.

ఒక చిన్న దారి ఉంది. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. అందులో మతం మాట లేదు. దాని అమలు కోసం వచ్చిన 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టం, అంటరానితనం కారణంగా ఒక మనిషిని ఉద్యోగం, వృత్తి చేసుకోనివ్వకపోవడం నేరమంది. బాధితుడు షెడ్యూల్డ్ కులస్థుడైతే, వేరుగా రుజువు కానంతవరకు నేరం అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలని అదనంగా చెప్పింది. మిగతావారు దాన్ని రుజువు చేసుకోవాలి. కష్టమైన దారే. అయినా మన న్యాయవాద మిత్రులు దీన్ని పరిశీలించాలని కోరుతున్నాం.

ఏం అడగాలి?

ఒకటి. ప్రైవేటు రంగాన్ని కూడా కలుపుకొని, కులం, మతం, పుట్టుక, లింగం, వైకల్యం, జబ్బు, భాష అన్నింటికీ వర్తించే ఒకే సమగ్ర వివక్ష నిరోధక చట్టం. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగానికే. ఉద్యోగంలో వివక్ష మీద ఐఎల్‌ఓ 111వ ఒడంబడికను భారతదేశం 1960లోనే ఆమోదించింది. అందులో మతం, సామాజిక మూలం రెండూ ఉన్నాయి. 2006లో సచార్ కమిటీ సమాన అవకాశాల కమిషన్ కావాలని సిఫారసు చేసింది. మాట ఇచ్చి అరవై ఏళ్ళు దాటింది. చట్టం ఇంకా రాలేదు.

రెండు. రుజువు భారం. జీతాల రిజిస్టరు, ఇంటర్వ్యూ మార్కులు, ప్రమోషన్ ఫైలు అన్నీ యజమాని బీరువాలో ఉంటాయి. పనివాడు ప్రాథమికంగా అనుమానించదగిన విషయాలు చూపిస్తే, వివక్ష లేదని చూపే బాధ్యత యజమానిమీద ఉండాలి. బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం ఇలాగే ఉంది. బీహార్ నుంచి అక్కడికి ఇంటిపనికి తీసుకువెళ్ళబడిన ఒక ఆదివాసీ క్రైస్తవ మహిళ తన యజమానుల మీద అక్కడి ఉద్యోగ ట్రిబ్యునల్‌కు వెళ్ళింది. ఆమెను బైబిలు కూడా తెచ్చుకోనివ్వలేదు. 2015లో ఆమెకు ఎగ్గొట్టిన జీతం కింద లక్షా 83 వేల పౌండ్లకు పైగా ఇవ్వాలని ట్రిబ్యునల్ చెప్పింది. కులం కూడా జాతిమూలం కిందికి రావచ్చని ఆమె కేసులోనే పై ట్రిబ్యునల్ అంది. అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. మన తెలుగు పిల్లలు ఎక్కువగా పనిచేసే ఊరది. సముద్రం దాటాక కులాన్ని గుర్తుపట్టే చట్టం దొరుకుతుంటే, పుట్టిన ఊళ్ళో ఎందుకు దొరకకూడదు?

మూడు. 1950 ఉత్తర్వులోని మతం షరతు పోవాలి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ అదే చెప్పింది. 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేశారు. సూసై కేసులో కోర్టు ఆధారాలు అడిగింది. ఆధారాలు సేకరించడం మన పని. పనిచోట జరిగే ప్రతి ఘటననూ తేదీతో రాసి పెట్టుకోవాలి.

నాలుగు. చిన్న పనిచోట్లకు, ఇంటిదగ్గర పనిచేసేవారికి జిల్లా స్థాయి వేదిక. లైంగిక వేధింపులకు స్థానిక కమిటీ ఉన్నట్టే కుల, మత, వేతన వివక్షకూ ఉండాలి.

ఐదు. ఫిర్యాదు చేసినవారిని కాపాడే ఏర్పాటు. తమిళనాడులోనే దీనికి మాదిరి ఉంది. 2021 జనవరిలో దిండిగల్ ప్రాంతంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతి సూపర్‌వైజరు చేతిలో హత్యకు గురైంది. మహిళలు నడిపే యూనియన్ పోరాడి 2022 ఏప్రిల్‌లో కంపెనీతోనూ, ఆ బట్టలు కొనే విదేశీ బ్రాండ్లతోనూ ఒప్పందం చేసుకుంది. లింగ, కుల వివక్ష రెండూ అందులో ఉన్నాయి. ఫ్యాక్టరీలో పనివాళ్ళలోంచే పర్యవేక్షకులను ఎన్నుకొని శిక్షణ ఇచ్చారు. యాజమాన్యం మాట తప్పితే ఆర్డర్లమీద దెబ్బపడేలా ఆ ఒప్పందం రాసుకున్నారు. ఆంబూరు, పేర్ణాంబట్టు చెప్పులు కూడా విదేశాలకే పోతాయి. ఇలాంటి ఒప్పందం అక్కడ ఎందుకు రాకూడదు?

విశ్వాసులు కోర్టుకు వెళ్ళవచ్చా?

ఈ ప్రశ్న ప్రతి సంఘంలోనూ వస్తుంది. పెద్దలు మొదటి కొరింథీ ఆరో అధ్యాయం చూపిస్తారు. ఆ అధ్యాయాన్ని పూర్తిగా చదవండి. అక్కడ పౌలు అడుగుతున్నది, సహోదరుల మధ్య న్యాయం తీర్చగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనా లేడా అని. అన్యాయం చేసినవారినీ గట్టిగానే మందలిస్తున్నాడు. అంటే ఆ మాట ముందుగా గుచ్చుకోవలసింది, ఫిర్యాదు వినే ఏర్పాటు లేని సంఘానికి. ఫిర్యాదు వినే చోటు లోపల పెట్టకుండా బయటికి వెళ్ళినవాడిని నిందించడానికి ఆ వాక్యం వాడుకోకూడదు. ఆ పౌలే ఫిలిప్పీలో తన పౌరహక్కును అడిగాడు, కైసరయలో కైసరుకు చెప్పుకుంటానన్నాడు.

యెరూషలేములో మొదటి సంఘం ఏం చేసింది? గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్ళకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు వచ్చింది. భాషను బట్టి వివక్ష అది. అపొస్తలులు ఫిర్యాదు చేసినవారిని అవిధేయులనలేదు. ఏడుగురిని ఏర్పాటు చేశారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. బాధపడినవారి వైపునుంచే మనుషుల్ని కూర్చోబెట్టారన్నమాట. ఫిర్యాదుల కమిటీకి అంతకంటే మంచి మాదిరి మాకు కనిపించలేదు.

ఇక సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురున్నారు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. ఉన్న చట్టంలో వాళ్ళకు దారి లేదు. మోషే ఎదుట, యాజకుని ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి అడిగారు. మోషే వాళ్ళ మాటను దేవుని సన్నిధికి తీసుకువెళ్ళాడు. వాళ్ళు అడిగింది న్యాయమేనని దేవుడు చెప్పాడు. ఆ ఐదుగురికి భూమి రావడంతో ఆగకుండా, అది ఇశ్రాయేలీయులందరికీ కట్టడగా మారింది. చట్టాన్ని వెడల్పు చేయమని అడగడం అవిశ్వాసం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంటికి వెళ్ళాక

ప్రతి యౌవన కూటమిలో ఇద్దరు, ఒక అక్క, ఒక అన్న, ఈ చట్టాలు నేర్చుకొని పనివాళ్ళకు ఫిర్యాదు రాసిపెట్టండి. ఉద్యోగంలో చేరేటప్పుడు నియామక పత్రం అడగండి. కొత్త కోడ్‌ల ప్రకారం అది ఇవ్వాలి. జీతం చీటీలు, హాజరు కార్డు, ఫోన్ సందేశాలు దాచుకోండి. కాంట్రాక్టరు నోటిమాటను ఆ రోజే కాగితంమీద తేదీతో రాసుకోండి. మహిళలకు, వికలాంగులకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి చట్టం కింద హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 15100కి ఫోన్ చేయవచ్చు.

సంఘ పెద్దలారా, మీ ఆవరణలో పనిచేసే వాచ్‌మన్‌కు, ఊడ్చే అక్కకు, పారిష్ స్కూల్లో ఆయమ్మకు ఫిర్యాదు చెప్పుకునే చోటు ఏదో గేటు దగ్గర బోర్డుమీద రాయండి. ఆ కమిటీలో వాళ్ళవైపు వాళ్ళను కూర్చోబెట్టండి. కోత కోసినవారి కూలి మొర సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవిని చేరుతుందని యాకోబు రాశాడు. ఆ మొర అక్కడిదాకా వెళ్ళకముందే మన గేటు దగ్గర వినబడాలి.